టైం ఆఫీసులో ఉంటూ ఎమ్మే సైకాలజీ: మూడేళ్ళు చదివినవాడి మాట

మా కంపెనీ బస్సు విజయనగరం మూడు లాంతర్ల దగ్గర తెల్లారగట్ల 4:50కి ఆగుతుంది. పైడిభీమవరం గేటు ముందు దిగేసరికి ఆరుకి పది నిమిషాలు తక్కువ. ఆ గంట ప్రయాణంలో మూడేళ్ళపాటు నేను ఇగ్నో (ఇందిరా గాంధీ దూరవిద్య విశ్వవిద్యాలయం) ఎమ్మే సైకాలజీ చదివాను. 2021 జనవరిలో చేరి 2023 డిసెంబరు పరీక్షలతో ముగించాను. కౌన్సెలింగ్ సైకాలజీ నా స్పెషలైజేషన్. ఈ మధ్య మా బస్సులోవాళ్ళూ, మా వీధిలో టీచర్లూ, ఇద్దరు ముగ్గురు హాస్టల్ వార్డెన్లూ అడుగుతున్నారు, ఆ చదువు ఎలా ఉంటుంది, ఉద్యోగం మానకుండా అవుతుందా, దానివల్ల ఏమైనా వస్తుందా అని. తలా ఓ ముక్క చెప్పే బదులు మొత్తం ఒకేచోట రాస్తున్నాను.

ముందుగా ఒక ముఖ్యమైన సంగతి. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ నడపొద్దని విశ్వవిద్యాలయాల మీద అజమాయిషీ చేసే యూజీసీ అన్ని విశ్వవిద్యాలయాలకీ చెప్పింది. అంటే నేను వచ్చిన దారిలో కొత్తగా ఎవరూ రాలేరు. అయినా రాయడానికి కారణం ఉంది. అంతకుముందు చేరి రెండు మూడు పేపర్లు మిగిలిపోయి పుస్తకాలు అటక మీద పడేసినవాళ్ళు నాకు తెలిసే ఆరుగురున్నారు. రెండేళ్ళ కోర్సుకి నాలుగేళ్ళ గడువుంది. వాళ్ళు పూర్తి చెయ్యాలని నా ఆశ. కొత్తవాళ్ళకి మిగిలిన దారుల గురించి చివర్లో చెప్తాను.

నా గురించి కొంచెం. నాకు 44 ఏళ్ళు. మహారాజా కాలేజీలో తెలుగు మీడియం బీకాం. పదిహేడేళ్ళుగా ఒక మందుల ఫ్యాక్టరీ టైం ఆఫీసులో ఉన్నాను. హాజరు, ఓటీ (షిఫ్టుకి మించి చేసిన గంటలు), లీవు చీటీలు, కాంట్రాక్టు కూలీల పాసులు, మెమోలు నా పని. 2020లో ప్యాకింగ్ సెక్షన్ కుర్రాడొకడు తొమ్మిది రోజులు చెప్పాపెట్టకుండా రాలేదు. రూలు ప్రకారం మెమో టైపు చేసి ఇంటికి పంపించాను. పదో రోజు వచ్చాడు. మెమో కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో తెచ్చాడు. "సార్, ఇది మా యావిడి దినం నాడొచ్చింది" అన్నాడు. ఒక్క ఫోను చేసుంటే తెలిసేది. ఫోన్ నంబరు నా రిజిస్టర్‌లోనే ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనుషులతో పని చేస్తూ మనుషులతో మాట్లాడడం నేర్చుకోలేదే అనిపించింది. ఈ చదువు అక్కడ మొదలైంది.

అప్లికేషన్ పెట్టేటప్పుడే ఒక దెబ్బ తగిలింది. మా టౌన్‌లో ఒక కన్సల్టెన్సీ షాపు ఉంది, పేరు ఎందుకులెండి. ఫారం నింపడానికి మూడు వేలు అడిగాడు. ఇంకో ఆరు వేలిస్తే అసైన్‌మెంట్లన్నీ తనే రాయించి పెడతానన్నాడు. ఫారం డబ్బులు కట్టేశాక తెలిసింది, అది ఫోన్‌లో మనమే అరగంటలో నింపుకునే పని అని. ఆ మూడు వేలూ పోయాయి. కానీ అసైన్‌మెంట్లు రాయించుకోనందుకు ఇప్పటికీ సంతోషిస్తున్నాను. మొత్తం మార్కుల్లో నూటికి ముప్ఫై వాటివే. అంతకంటే ముఖ్యం, చేత్తో రాస్తేనే పాఠం తలకెక్కుతుంది. ఇంకొకరి గోడు వినడం నేర్చుకోవాల్సిన చదువుని ఇంకొకరి చేత రాయించుకుంటే మనకేం మిగులుతుంది?

కోర్సు ఎలా ఉంటుందో చెప్తాను. ఏ డిగ్రీ ఉన్నా చేర్చుకునేవారు, అదే మాలాంటివాళ్ళకి పెద్ద వరం. మొదటి ఏడాది అందరికీ ఒకటే. జ్ఞాపకశక్తి, అభ్యసనం, పుట్టుక నుంచి ముసలితనం దాకా మనసు ఎదిగే తీరు, వ్యక్తిత్వం, సామాజిక మనస్తత్వం, పరిశోధన పద్ధతులు, స్టాటిస్టిక్స్, ఒక ప్రాక్టికల్. రెండో ఏడాది మూడు దారులు: క్లినికల్, కౌన్సెలింగ్, ఇండస్ట్రియల్ అండ్ ఆర్గనైజేషనల్. ఏది తీసుకున్నా ప్రాజెక్టూ ఇంటర్న్‌షిప్పూ ఉంటాయి. పరీక్షలు జూన్‌లోనూ డిసెంబరులోనూ. ఒకసారి రాయలేకపోతే ఇంకోసారి రాసుకోవచ్చు. షిఫ్టుల్లో బతికేవాడికి ఈ వెసులుబాటు విలువ ఎంతో షిఫ్టుల్లో బతికినవాడికే తెలుస్తుంది. 2022 జూన్‌లో మా ప్లాంటు షట్‌డౌన్ పని పడింది, రెండు పేపర్లు వదిలేసి డిసెంబరులో రాశాను. ఎవరినీ బతిమాలుకోలేదు. రెండేళ్ళ ఫీజులూ కలిపినా నా రెండు నెలల జీతం దాటలేదు.

పుస్తకాలు మంచివి. నిజాయితీగా చెప్తున్నాను, ఇంత ఓపిగ్గా విడమరిచి రాసిన పాఠాలు నేను డిగ్రీలో చూడలేదు. మధ్యమధ్యలో ప్రశ్నలు వేసి ఆగి ఆలోచించమంటాయి. అన్నీ ఇగ్నో వాళ్ళ వెబ్‌సైటు ఈ-జ్ఞానకోశ్‌లో ఉచితంగా దొరుకుతాయి, కోర్సులో చేరనివాళ్ళు కూడా చదువుకోవచ్చు. నేను ఫోన్‌లో దింపుకుని నెల్లిమర్ల దాటాక చదవడం మొదలుపెట్టేవాణ్ణి. నెల్లిమర్ల దాకా బస్సులో లైట్లు ఆర్పేసి ఉంచేవారు, అందరూ నిద్రపోయేవారు.

స్పెషలైజేషన్ దగ్గర నెల రోజులు కొట్టుకున్నాను. నా ఉద్యోగానికి ఇండస్ట్రియల్ గ్రూపు సరిగ్గా సరిపోతుంది, ప్రమోషన్‌కీ అదే మంచిదని మా హెచ్ఆర్ సార్ చెప్పారు. ఆ గ్రూపు పుస్తకాలు కూడా దింపుకుని చదివాను. అందులో హాథార్న్ ఫ్యాక్టరీ కథ నన్ను పట్టేసింది. అమెరికాలో షికాగో దగ్గర వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్ళ ఫ్యాక్టరీ అది. 1924లో వెలుతురు పెంచితే పని పెరుగుతుందేమోనని పరీక్షలు మొదలుపెట్టారు. 1928 నుంచి కార్మికులతో మాట్లాడడం మొదలైంది. రెండేళ్ళలో ఇరవై వేలమందికి పైగా. మొదట్లో ప్రశ్నల జాబితా పట్టుకెళ్ళారు. కార్మికులేమో ఆ ప్రశ్నలు పక్కన పెట్టి తమ ఇంటి సంగతులూ, పై అధికారి మీద కోపాలూ, పిల్లల జబ్బులూ చెప్పుకునేవారు. చివరికి జాబితాలు వదిలేసి, వాళ్ళు చెప్పేదే వినమని మాట్లాడేవాళ్ళకి నేర్పించారు. 1936లో ఆ ఫ్యాక్టరీలోనే కౌన్సెలర్లని పెట్టారు. అది చదివిన రోజున మా గేటు దగ్గర బస్సు దిగి కాసేపు నిలబడిపోయాను. మనుషుల్ని నడిపించడం, మనుషుల గోడు వినడం వేరువేరు పనులని అప్పటిదాకా అనుకున్నాను. కౌన్సెలింగ్ గ్రూపుకే టిక్కు పెట్టాను.

ఇప్పుడు అసలైన ఇబ్బంది, భాష. ఈ కోర్సు ఇంగ్లీషులోనో హిందీలోనో రాయాలి. తెలుగు లేదు. తెలుగు మీడియంలో చదివి ఇరవై ఏళ్ళు పుస్తకం ముట్టనివాడికి మొదటి ఆరు నెలలు కొండ ఎక్కినట్టుంటుంది. ఒక పేజీకి ఇరవై మాటలు వెతుక్కునేవాణ్ణి. రెండు వందల పేజీల నోటుపుస్తకం పెట్టి ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు దానికి మన మాట రాసుకున్నాను. అందులో ఎంపతీ (ఎదుటివాడి బాధని అతని లోపలినుంచి చూడగలగడం) అనే మాటకి నాలుగు సార్లు కొట్టేసి రాశాను. నిఘంటువు సహానుభూతి అంటుంది. సింపతీ ఏమో సానుభూతి. ఒక్క అక్షరం తేడా, మా వర్కర్లకి రెండూ తెలియవు, నిజానికి నాకూ తెలియవు. డిప్రెషన్‌కి ఎదురుగా కుంగుబాటు అని రాసి, దాని కింద మనవాళ్ళు అనే మాటలు రాసుకుంటూ పోయాను: బెంగ, దిగులు, మనసు బాగోలేదు, తల బరువు, ఒంట్లో సత్తువ లేదు, ఏమీ తినబుద్ధెయ్యట్లేదు. మనవాళ్ళు మనసు బాధని ఎక్కువగా ఒంటి బాధగానే చెప్తారు. లీవు చీటీ మీద 'తలనొప్పి' అని పదిహేడేళ్ళు చదివినవాణ్ణి, ఆ మాట వెనక ఇంకేమైనా ఉందా అని ఆలోచించింది ఆ నోటుపుస్తకం వల్లనే.

కార్ల్ రోజర్స్ అనే అమెరికా సైకాలజిస్టు చెప్పిన పద్ధతి కౌన్సెలింగ్‌కి పునాది లాంటిది. ఎదుటి మనిషిని తప్పుపట్టకుండా స్వీకరించాలి, అతని లోపలినుంచి చూడాలి, మనం మనలాగే నిజంగా ఉండాలి. చదవడానికి తేలిక. పుస్తకంలో ఉదాహరణలు ఇలా ఉంటాయి: "నీకు ఒంటరిగా అనిపిస్తున్నట్టుంది." ఇది తెలుగులో అని చూశాను. ఒక కుర్రాడితో అంటే నా మొహం అదోలా చూసి వెళ్ళిపోయాడు. మనం అలా మాట్లాడుకోం. చాలా రోజులకి నాకు తట్టింది, మనకి దీనికి వేరే పద్ధతి ఎప్పటినుంచో ఉంది, ఊఁ కొట్టడం. చిన్నప్పుడు మా అమ్మమ్మ కథ చెప్తూ, మేం ఊఁ కొట్టకపోతే ఆపేసేది. ఊఁ అంటే వింటున్నాను, నీ వెంటే ఉన్నాను, చెప్పు అని. పుస్తకంలో 'మినిమల్ ఎన్‌కరేజర్స్' అని రెండు పేజీలు రాసింది అదే.

2022 ఆగస్టులో బాయిలర్ దగ్గర పనిచేసే ఓ పెద్దాయన నాలుగు రోజుల లీవు చీటీ తెచ్చాడు. కారణం 'బీపీ'. సంతకం పెట్టబోయి పెన్ను పక్కన పెట్టాను. కుర్చీ చూపించాను. కూర్చున్నాడు, భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"రేతిరి నిద్దర పట్టట్నేదు బావూ."

"ఊఁ."

"పిల్లడు బెంగుళూరెల్లి ఆర్నెల్లయింది. ఫోను సెయ్యడు."

"ఫోను సెయ్యడు..."

అంతే అన్నాను. ఆయన చివరి మాటే తిరిగి అన్నాను, ప్రశ్నలాగా కాదు. ఆయన తువ్వాలు అంచు వేలికి చుడుతూ విప్పుతూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. గోడ గడియారం చప్పుడు వినబడుతోంది. పాత అలవాటైతే ఈలోపు "ఏం కాదులే, కుర్రాళ్ళంతా ఇంతే" అనేసి సంతకం పెట్టేసేవాణ్ణి. ఆపుకున్నాను. తర్వాత ఆయనే మొదలుపెట్టాడు. పిల్లాడు వెళ్ళేముందు జరిగిన గొడవ, ఆయన అన్న మాట, ఆ మాట అని ఉండకూడదని ఆర్నెల్లుగా తనలో తను అనుకుంటున్న సంగతి. ఇరవై నిమిషాలు పట్టింది. లేచి చీటీ వెనక్కి తీసుకున్నాడు. "సెలవొద్దులే బావూ. సాయంత్రం నానే ఫోను సేస్తాను" అన్నాడు. నేను చెప్పిన సలహా ఒక్కటీ లేదు. నా మొత్తం ఎమ్మేలో ఆ ఇరవై నిమిషాలకి మించిన పాఠం లేదు.

స్టాటిస్టిక్స్ గురించి భయపడుతున్నారు అందరూ. భయం అక్కర్లేదు, కానీ రోజూ లెక్కలు చెయ్యాలి. ప్రామాణిక విచలనం, అంటే అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత, నాకు ఓటీ గంటలతో అర్థమైంది. ఇద్దరు వర్కర్ల నెల సగటు ఒకటే, కానీ ఒకడు రోజూ గంట చేస్తాడు, ఇంకొకడు ఒకరోజు ఎనిమిది గంటలు చేసి వారం కనబడడు. మిగతాది ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి చెప్పింది.

ప్రాక్టికల్‌కి మాత్రం స్టడీ సెంటర్‌కి వెళ్ళి హాజరు వేయించుకోవాలి, అది ముందే లెక్క చూసుకుని సెలవులు దాచుకోండి. దానికి ముందు ఇంట్లో చేసిన ఒక ప్రయోగం మా ఆవిడకి ఇప్పటికీ ఇష్టం. సంత సరుకుల పేర్లు పదిహేను వరసగా చదివి, ఎన్ని గుర్తున్నాయో చెప్పమన్నాను. చింతపండుతో మొదలై అగరొత్తులతో ముగిసింది జాబితా. చింతపండు, ఆవాలు, బెల్లం వెంటనే చెప్పింది. చివరివి అగరొత్తులు, అగ్గిపెట్టె, సబ్బు చెప్పింది. మధ్యలోవి మూడే వచ్చాయి. మొదటివీ చివరివీ బాగా గుర్తుంటాయి, మధ్యవి జారిపోతాయని పుస్తకం చెప్పింది ఇదే. అప్పట్నుంచి మా ఇంట్లో ముఖ్యమైన సరుకు జాబితా మధ్యలో రాయరు. ఫ్యాక్టరీలో భద్రత సూచనలు చదివేటప్పుడు కూడా ప్రాణానికి సంబంధించినవి మొదట, చివర పెట్టమని చెప్పాను, పెట్టారు.

ఇంటర్న్‌షిప్ 240 గంటలు. రోజుకి ఎనిమిది గంటల చొప్పున సరిగ్గా నెల. ఉద్యోగస్తుడికి ఇదే అన్నిటికంటే కష్టం. చోటు మనమే వెతుక్కోవాలి. మొదట ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాను. పదకొండు రోజులు ఓపీ చీటీలు అక్షరక్రమంలో పెట్టించారు. మనిషితో మాట్లాడనివ్వలేదు. ఐదు ఆదివారాలూ ఆరు జీతపు సెలవులూ పోయాయి. బాధపడి బయటికొచ్చేసి, మద్యం మాన్పించే ఒక చిన్న కేంద్రంలో చేరాను. అక్కడి కౌన్సెలరమ్మ నన్ను మొదటి వారం నోరు తెరవనివ్వలేదు, మూల కూర్చుని చూడమంది. ప్రతి సాయంత్రం ఏం చూశావు అని అడిగేది. నేను "అతను అబద్ధం చెప్తున్నాడు" అంటే, "అది నీ తీర్పు. చూసింది చెప్పు" అనేది. "చేతులు వణుకుతున్నాయి, భార్య వైపు చూడట్లేదు" అనేదాకా వదిలేది కాదు. సెంటర్ వెతుక్కునేవాళ్ళకి ఇదే నా సలహా. సర్టిఫికెట్ ఇస్తారా అని అడగొద్దు, రోజూ నా పని చూసి తప్పులు చెప్పేవాళ్ళు ఎవరు అని అడగండి. సమాధానం లేకపోతే అక్కడ చేరొద్దు.

ఈ కోర్సులో నాకు లోటుగా అనిపించింది కూడా అదే. పుస్తకం ఎంత బాగున్నా, మన మాట మనకి తిరిగి వినిపించి "ఇక్కడ తొందరపడ్డావు" అనే మనిషి దూరవిద్యలో పక్కన ఉండడు. ఆ మనిషిని మీరే సంపాదించుకోవాలి. సంపాదించుకోని చదువు సగం చదువే.

ఇంకొకటి ఎవరూ ముందు చెప్పరు. టైం ఆఫీసువాడే కౌన్సెలర్ అయితే వర్కరు ఎందుకు నమ్మాలి? హాజరు నా చేతిలో ఉంది. ఒకాయన తన తాగుడు సంగతి నాతో చెప్పుకున్నాక వారానికి, మా మేనేజరుగారు "వాడు నీతో ఏటి చెప్పాడు?" అని అడిగారు. "సార్, అది అతను నాకు చెప్పుకున్నది, నేను చెప్పకూడదు. పనిలో ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం అతనికి చెప్పే మీ దగ్గరికొస్తాను" అన్నాను. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత ఆయనే తన తమ్ముడి కొడుకుని నా దగ్గరికి పంపారు. హెచ్ఆర్‌లో ఉంటూ ఈ చదువు చదివేవాళ్ళు ఈ రెండు టోపీల సంగతి మొదటిరోజే తేల్చుకోవాలి. నేనైతే ఎవరు కూర్చున్నా ముందే చెప్తాను, ఏది నాలో ఉంటుంది, ఏది ఉండదు అని. ప్రాణాపాయం అనిపిస్తే దాచను. టెలీమానస్ నంబరు 14416 మా పంచింగ్ మెషీన్ పక్కన పెద్ద అక్షరాలతో అంటించాను. అది 2022 అక్టోబరులో వచ్చిన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

డిగ్రీ వస్తే ఏం వస్తుంది? సూటిగా చెప్తాను. ఈ డిగ్రీతో క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టకూడదు. దానికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే జాతీయ సంస్థ గుర్తించిన చదువూ, అక్కడ రిజిస్ట్రేషనూ ఉండాలి. జబ్బు నిర్ధారించడం, మందుల మాట ఎత్తడం మన పని కాదు. నాకు జీతం నాలుగు వేలు పెరిగింది, వెల్ఫేర్ పని అప్పజెప్పారు. స్కూళ్ళలో, ఎన్జీవోల్లో, డీ-అడిక్షన్ కేంద్రాల్లో అడిగితే పని దొరుకుతుంది, మొదట్లో జీతం తక్కువ. ఇంతకంటే ఎక్కువ ఎవరైనా చెప్తే నమ్మకండి. వెసులుబాటుకీ పుస్తకాలకీ ఐదుకి ఐదు ఇస్తాను. మాట్లాడడం నేర్పడానికి రెండు. మొత్తంగా నాలుగు ఇస్తాను, నా బతుకు మీద దాని పనితనం చూసి.

ఇక కొత్తవాళ్ళ దారి. ఆరోగ్యానికి సంబంధించిన వృత్తుల కోసం 2021లో ఒక జాతీయ కమిషన్ చట్టం వచ్చింది, సైకాలజీ ఆ పరిధిలోకి వెళ్ళింది, అందుకే దూరవిద్యలో ఆపమన్నారు. నాకు బాధగానే ఉంది, మా బస్సులో నాలాంటివాళ్ళకి తలుపు మూసుకుంది కదా. అయినా ఎదుటి మనిషి ముందు సాధన లేకుండా పట్టా ఇవ్వకూడదనే మాటలో న్యాయం ఉంది, మూల కూర్చున్న ఆ వారం నాకు అది నేర్పింది. కౌన్సెలింగే కావాలంటే ఇప్పుడు కాలేజీకి వెళ్ళి చదవాలి. మనుషుల్ని నడిపించే ఉద్యోగం కావాలంటే ఇగ్నోలో హెచ్ఆర్‌ఎం డిప్లొమా, ఎంబీయే హెచ్ఆర్‌ఎం ఉన్నాయి. చేరేముందు ఆ ఏడాదికి యూజీసీ అనుమతి ఉందో లేదో దూరవిద్య బ్యూరో సైట్‌లో మీ కళ్ళతో చూసుకోండి, షాపువాడి మాట మీద డబ్బు కట్టకండి. అవి చదువుతూ కౌన్సెలింగ్ పుస్తకాలు ఈ-జ్ఞానకోశ్‌లో పక్కన పెట్టుకుని చదవండి.

సగంలో ఆపేసినవాళ్ళు మాత్రం ఈ వారమే అటక మీదనుంచి కట్ట దింపండి. నా పుస్తకాలన్నీ పెన్సిలు గీతలతో, ఆ రెండు వందల పేజీల మాటల నోటుపుస్తకంతో సహా మా ఇంట్లో ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం మూడు తర్వాత ఉంటాను, కావలసినవాళ్ళు పట్టుకెళ్ళి రాసుకుని తెచ్చివ్వండి. స్టాటిస్టిక్స్ పుస్తకం ఒక్కటి లేదు, అది మా ఎదురింటి టీచరమ్మ దగ్గరుంది, జూన్‌లో ఆవిడ పరీక్ష.